రొయ్యకి చలి, డ్రైవరుకి చెమట

భీమవరం వైపు నుంచి విశాఖ పోర్టుకి రొయ్యల కంటైనరు లాక్కెళ్లే ట్రైలరు లారీని మీరు హైవే మీద చూసే ఉంటారు. వెనక పెట్టెలో రొయ్య మైనస్ 18 డిగ్రీల దగ్గర దర్జాగా ప్రయాణం చేస్తుంటుంది. ముందు క్యాబిన్లో డ్రైవరు మెడకి తడి తువ్వాలు చుట్టుకుని, అద్దం దించుకుని, వడగాలిని మొహాన కొట్టించుకుంటుంటాడు. కాళ్ల కింద ఇంజను, నెత్తిన రేకు, బయట మే నెల. రొయ్య చెడితే ఎగుమతిదారు ఊరుకోడు. డ్రైవరు వాడిపోతే అడిగేదెవరు?

ఇదేం ఇవాళ్టి వరస కాదండీ. అమెరికాలో ఫ్రెడరిక్ మెకిన్లీ జోన్స్ అనే నల్లజాతి మెకానిక్, చదువు పెద్దగా లేకపోయినా పనిలో దిట్ట, 1930ల చివర్లోనే లారీకి బిగించే శీతల యంత్రం తయారు చేశాడు. థర్మో కింగ్ కంపెనీ ఆ యంత్రంతోనే నిలబడింది. కార్లకి కూడా ఏసీ ఆ రోజుల్లోనే వచ్చింది. ప్యాకార్డ్ వాళ్లు 1940 మోడల్ కారుకి బిగించి ఇచ్చారు. తమాషా ఏమిటంటే దాన్ని ఆపడానికి మీట లేదు. కారు ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి! సరే, మన దేశంలో పెద్ద లారీలన్నిటికీ ఏసీ క్యాబిన్ ఉండి తీరాలన్న రూలు అమల్లోకి వచ్చింది ఎప్పుడనుకున్నారు? 2025లో. అదీ కొత్తగా తయారయ్యే బళ్లకే. సరుకు చల్లబడ్డ ఎనభై ఏళ్ల పైచిలుక్కి మనిషి వంతు వచ్చిందన్నమాట.

వచ్చిందిగా, సంతోషిద్దాం అంటారా? ఆగండి. రూలు ఫ్యాక్టరీ గేటు దాకానే వస్తుంది. బ్రేకు పోతే లారీ ఆగుతుంది, క్లచ్చు పోతే ఆగుతుంది. ఏసీ పోతే లారీకి చీమ కుట్టినట్టయినా ఉండదు. డ్రైవరు ఫోన్ చేస్తే ఓనరు గారు "ఈ ట్రిప్పు అయ్యాక చూద్దాంలేరా" అంటారు. ఆ ట్రిప్పు అయ్యేసరికి వానలు పడతాయి. మరీ బతిమాలితే, "సరే, ఎక్కడో ఒకచోట గ్యాస్ కొట్టించుకో" అని ఫోన్ పెట్టేస్తారు.

ఇదిగో, ఈ మాట దగ్గరే నాకు పేచీ. తిరిగినకొద్దీ అయిపోవడానికి ఏసీ గ్యాస్ డీజిల్ కాదుగా! మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ద్రవమై, ఆవిరై, మళ్లీ ద్రవమై తిరుగుతూ క్యాబిన్లో వేడిని తెచ్చి బయట పారేస్తుంటుంది. అది బాగా తగ్గిందంటే ఎక్కడో కారిందని అర్థం. ఆ చోటు పట్టుకోకుండా గ్యాస్ కొట్టించడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

మరి చిల్లెక్కడ? లారీలో దాన్ని వెతకడానికో వరస ఉంది. కంప్రెసరు ఇంజనుతో పాటు వణుకుతుంది. కండెన్సరు ముందు రేడియేటరు దగ్గర ఉంటుంది. కూలింగ్ కాయిలు క్యాబిన్లో డ్యాష్‌బోర్డు వెనక ఉంటుంది. మూడూ మూడు తీర్ల కదులుతాయి, మధ్యలో రబ్బరు హోసులు. పైగా మన లారీల్లో ఇంజను చూడాలంటే క్యాబిన్ మొత్తం ముందుకి వంచాలి. వంచినప్పుడల్లా ఆ హోసులు సాగి, మడతపడి, మళ్లీ వెనక్కి వస్తాయి. కాబట్టి రబ్బరు హోసూ అల్యూమినియం ఫిట్టింగూ కలిసేచోట ముందు వేలు పెట్టి చూడండి. గ్యాస్ ఒంటరిగా పోదు, పోతూపోతూ కంప్రెసరు ఆయిల్ని కాస్త వెంటేసుకు పోతుంది. ఆ జిడ్డుకి రోడ్డు దుమ్ము అంటుకుంటుంది. గొట్టమంతా పొడిగా ఉండి ఒక్క జాయింటు దగ్గర వేలికి నల్లగా బంక తగిలిందా, దొంగ దొరికినట్టే. సబ్బునురగ పూస్తే బుడగలు లేచి మిగతా సాక్ష్యం చెబుతాయి. గొట్టాలు ఖాళీ అయిపోయి ఉంటే పని తెలిసిన మేస్త్రి నైట్రోజన్ ఎక్కించి చూస్తాడు. టైర్లకి కొట్టే గాలి ఎక్కించేవాడి దగ్గర నిలబడకండి. గాలితో పాటు తేమ లోపలికి పోతుంది. పాత గ్యాస్ మిగిలి ఉంటే, ఆ ఒత్తిడిలో గాలితో కలిసి అంటుకునే ప్రమాదమూ ఉంది.

ఇంకో చోట కూడా మోసపోతాం. ఇంజను ఆపి ఉండగా మేస్త్రి ఒత్తిడి చూసే నీలం గేజీ, ఎర్ర గేజీ తగిలించి, "చూశావా తమ్ముడూ, రెండూ 115 పీఎస్ఐ చూపిస్తున్నాయి, గ్యాస్ ఫుల్లు" అంటాడు. 35 డిగ్రీల ఎండలో ఆర్-134ఏ గ్యాస్ కాసింత ద్రవంగా లోపల ఉంటే చాలు, ఇంచుమించు అంతే చూపిస్తుంది. నిండుగా ఉన్నా అంతే, సగం పోయినా అంతే. అది ఎండ ఎంతుందో చెప్పే అంకె, గ్యాస్ ఎంతుందో చెప్పేది కాదు. అందుకే గ్యాస్‌ని తూకం వేసి పోయాలి. ఎన్ని గ్రాములన్నది బండి మీద స్టిక్కరు చెబుతుంది. ఎక్కువ పోసినా చల్లదనం పెరగదు సరికదా, ఒత్తిడి పెరిగి కూలింగ్ తగ్గుతుంది.

పోసే ముందు వాక్యూమ్ పట్టాలి. పంపు లాగుతుంటే గొట్టాల్లో మిగిలిన తేమ మామూలు ఎండకే మరిగి ఆవిరైపోతుంది. తర్వాత పంపు ఆపి గేజీ ముల్లు కదులుతుందేమో చూడాలి. అక్కడ అరగంట కలిసొస్తుందని వాక్యూమ్ పట్టడం ఎగ్గొడితే ఏమవుతుందో తెలుసా? ఏసీ మొదట జిల్లుమంటుంది. కాసేపటికి వేడిగాలి కొడుతుంది. టీ తాగడానికి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ చల్లగా వస్తుంది. డ్రైవరు తల పట్టుకుంటాడు. లోపల తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచై దారి మూసేసి, బండి ఆగాక కరిగిపోతోంది, అంతే.

అన్నిసార్లూ గ్యాస్ తప్పే అనుకోకండి. బండి పరిగెడుతుంటే చల్లగా ఉండి, టోల్‌గేటు దగ్గర ఆగితే వేడెక్కుతుంటే కండెన్సరుకి గాలి అందడం లేదు. సిమెంటు, బూడిద, ఊక తోలే బళ్లకి దాని రెక్కల మధ్య సందులు పూడిపోతాయి. సన్నటి ధారతో లోపలి నుంచి బయటికి కడగండి, జోరుగా కొడితే రెక్కలు వంగిపోతాయి. క్లీనరు కాళ్ల మీద నీళ్లు కారుతుంటే డ్రెయిన్ పైపు మూసుకుపోయిందేమో చూడండి. కంప్రెసరు క్లచ్చు పట్టకపోతే ఫ్యూజూ, రిలే చూడండి. లారీది 24 వోల్టుల కరెంటు. కారు క్లచ్చు కాయిలు 12 వోల్టులది తెచ్చి తగిలిస్తే మాడుతుంది. చలికాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేయండి, కంప్రెసరు సీలు ఎండిపోకుండా ఉంటుంది.

ఈ ఆర్-134ఏ గ్యాస్‌తో మరో తిరకాసుంది. ఒక కిలో గాల్లో కలిస్తే, ఇలాంటి గ్యాసుల్ని తగ్గించడానికి దేశాలు కుదుర్చుకున్న కిగాలీ ఒప్పందం లెక్క ప్రకారం, 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి భూమికి. ఈ రకం గ్యాసుల వాడకం 2028 నుంచి పెంచబోమని మన దేశం ఒప్పుకుంది కూడా. ఏటా కొట్టించుకుందాంలే అనే అలవాటు ఎల్లకాలం సాగదు.

కాబట్టి డ్రైవరు తమ్ముళ్లకి చెప్పేదేమంటే, ఈసారి విజయవాడ ఆటోనగర్లో ఆగినా, ఇంకెక్కడ ఆగినా "గ్యాస్ కొట్టన్నా" అనకండి. పాత గ్యాస్‌ని మెషీన్‌తో బయటికి లాగే చోటికే వెళ్లి, బిల్లు మీద రెండు అంకెలు రాయమనండి: లోపలి నుంచి తీసింది ఎన్ని గ్రాములు, కొత్తగా పోసింది ఎన్ని గ్రాములు. ఆ రెంటికీ మధ్య తేడా మీ చిల్లు సైజు. ఆ కాగితం ఫొటో తీసి ఓనరు గారికి పంపండి. ఎండ గురించి ఎంత చెప్పినా వినరేమో గానీ, వరసగా రెండు బిల్లుల్లో తేడా కనిపిస్తే "ముందు ఆ లీకేదో చూడమను" అని ఆయనే అంటారు.