పిడికెడు బియ్యము

మా అనంతపురమండలము పడమటికనుమల చాటున నుండుటచే నైరృతివర్షము చాలక, తూర్పుతీరమునకు దూరమగుటచే నీశాన్యవర్షము నందక, ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతుకుచున్నది. ఇచ్చటి గృహస్థుని విశ్వాసము మేఘముతోఁబాటు పెరిగి తరుగుట వింత గాదు. మాదియు నట్టిదే.

లండను మిషనువారు గుత్తిలో నాటిన సంఘము 1947లో దక్షిణ ఇండియా సంఘమునఁ గలసినది. మా క్రైస్తవుల యిండ్లలో, ఎసట బియ్యము వేయుటకు ముందు దేవునికై పిడికెడు తీసి యుంచుట యాచారము.

అప్పుచేసి విత్తిన వేరుసెనగ యెండిన యేడు, "ఇఁక పిడికెడు మానుము" అని గృహిణితో నంటిమి. "మిగిలినప్పుడిచ్చేది కానుక ఎట్లవుతుందండీ?" అని యామె యథాప్రకారము తీసెను. మేము ముఖము ముడుచుకొంటిమి.

ఆ రాత్రి కుటుంబప్రార్థనలో మాకు మాట పెగలలేదు. మా చిన్నవాఁడే ముగించెను: "దేవా, అమ్మ పిడికిలి చిన్నది. పెద్దది చెయ్యి." ఆమె నవ్వెను, పిల్లలు నవ్విరి, తుదకు మేమును నవ్వితిమి. అప్పు తీరలేదు, వానయు రాలేదు. అయినను మా యింట నంతటి సంతోషమును మేము మున్నెఱుఁగము.

సంస్కృతాంగ్లములు చదివి బడిలోఁ బాఠములు చెప్పు మేము ఆకసమువంక చూచుచుండఁగా, దేవుఁడు మా బియ్యపుకుండ యొద్దనే యుండెనని ఆనాఁడు తెలిసినది. మఱునాఁటినుండి పిడికెడు తీయు పని మేము పూనితిమి. మా పిడికిలి కొంచెము పెద్దది.