చూచినదే గీద్దాము

బొమ్మలు వేసే అలవాటు గల కుటుంబాలు మన మధ్య చాలానే ఉన్నవి. క్యాలెండరు చూచి చిలుకను, గ్రీటింగు కార్డు చూచి హంసను దింపుతూ ఉంటారు. చేయి తిరగడానికి అది మంచి సాధనే. అయితే ఇతరులు తీసిన ఫోటోలో వారు చూచినది ఉంటుంది గాని మనము చూచినది ఉండదు. పైగా అది వారి కష్టార్జితము. మన చుట్టుప్రక్కల తిరిగే పక్షిని మనమే ఫోటో తీసి, దానిని ఎదుట పెట్టుకొని బొమ్మ వేయడంలో వేరొక మేలు ఉన్నది. కొన్ని సంవత్సరాలుగా మా ఇంట్లో ఈ పని చేస్తున్నాము గనుక మాకు తెలిసిన నాలుగు మాటలు మీతో పంచుకొంటున్నాము.

ఆదివారము మాకు తీరిక ఉండదు. సోమవారము తెల్లవారుజామున బయలుదేరుతాము. పిల్లలకు సెలవులైతే వారూ వస్తారు. మాకు దగ్గరలో ఉన్నది కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్యనున్న ఈ మంచినీటి సరస్సులో 308 చదరపు కిలోమీటర్ల మేర 1999లో అభయారణ్యముగా ప్రకటించారు. 2002లో ఇది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరినది. కైకలూరు దగ్గర ఆటపాకలో శీతాకాలము వచ్చిందంటే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గుంపులుగా కనబడతాయి. అటవీశాఖవారు నీటిలో నిలిపిన ఇనుప స్టాండ్ల మీద కూడా గూడబాతులు గూళ్లు పెట్టుకొంటాయి.

ఒక పక్షికి ఒక్క ఫోటో చాలదు. గట్టు మీద ముడుచుకొని కూర్చున్న గుడ్డికొంగను ఫోటో తీయండి, బురద రంగు ముద్దలా ఉంటుంది. అదే లేచి ఎగిరిందా, రెక్కలు పాలవలె తెల్లగా మెరుస్తాయి. పాలపిట్ట కూడా అంతే. తీగ మీద కూర్చున్నప్పుడు గోధుమరంగు ఎక్కువగా కనబడుతుంది, రెక్క విప్పితే నీలము. ఏ ఫోటో నిజము? రెండూ నిజమే, గాని ఏ ఒక్కటీ పూర్తి పక్షి కాదు. అందుచేత కూర్చున్నది, మేసేది, ఎగిరేది, ముక్కు విడిగా, కాళ్లు విడిగా పది పన్నెండు ఫోటోలు తీసుకొంటాము. వేర్వేరు రోజులలో చూచిన గుర్తులన్నీ ఒక్క బొమ్మలో చేర్చవచ్చును. ఫోటోకు లేని సౌకర్యము బొమ్మకు ఉన్నది ఇదే. సలీం అలీ గారి భారతీయ పక్షుల గ్రంథము 1941లో వెలువడినప్పుడు అందులో పక్షులను రంగుల బొమ్మలతోనే చూపించారు.

మరొక సంగతి. మిట్టమధ్యాహ్నపు ఎండలో తెల్లకొంగను తీస్తే ఈకల గీతలన్నీ చెరిగిపోయి ఉత్త తెలుపే మిగులుతుంది. ఉదయపు ఎండలో తీస్తే నీడలు మెత్తగా పడతాయి. ఫోటోను 4 అంగుళాలు, 6 అంగుళాల కొలతతో ప్రింటు వేయించి, దాని మీద అంగుళము గళ్లు గీస్తాము. 8, 12 అంగుళాల డ్రాయింగు కాగితము మీద రెండేసి అంగుళాల గళ్లు పెన్సిలుతో సన్నగా గీస్తాము. రెండింటిలోనూ 24 గళ్లు వస్తాయి. ఏ గడిలోని గీతను ఆ గడిలోకి దించితే ఆకారము చెడదు. నీటిరంగులలో తెల్లకొంగకు తెల్లరంగు వేయనక్కరలేదు. కాగితపు తెలుపునే వదలివేసి, నీడలు మాత్రమే పలుచని నీలి బూడిదరంగుతో అద్దితే చాలును.

ఇంతవరకు చెప్పినది చేతిపని. ఇక మమ్మును ఆలోచనలో పడవేసిన సంగతి చెబుతాము.

మా అత్తగారు కొల్లేటి లంక గ్రామంలో పుట్టి పెరిగినవారు. ఎనభై దాటినవి. మోకాళ్ల నొప్పులతో పడవ ఎక్కలేరు. చూపు మందగించి సెల్‌ఫోనులోని ఫోటోలు ఆనవు. మేము బొమ్మలు పెద్దవిగా వేసి కిటికీ వెలుతురులో పట్టుకొంటే, దగ్గరగా వంగి చూస్తారు. ఒకసారి ఎర్రకాళ్ల కొంగను చూచి, “నిలబడింది సరే బాబూ, మేసేది వేయలేదేం? నోరు కాస్త తెరిచి నీళ్లలో పెట్టి అటూ ఇటూ ఊపుతుంది. కాలితో బురద కెలుకుతుంది” అన్నారు. తరువాతి సోమవారము ఆ మేత కోసమే వెళ్లి ఫోటోలు తీసుకొని వచ్చాము.

మరొక బొమ్మలో పక్షుల వెనుక చేపల చెరువు గట్టు, కరెంటు తీగలు ఉన్నవి. ఆమె చాలాసేపు చూచి, “ఇవన్నీ తీసేసి నా చిన్నప్పటి కొల్లేరు వేయండి బాబూ. కనుచూపు మేర నీళ్లే ఉండేవి” అన్నారు. “అమ్మ అడిగింది కదండీ, గట్టు చెరిపేద్దాము” అన్నది మా ఇంటామె. చెరపడము ఎంతసేపు? గాని మేము చూచినది గట్టునే. 2006లో ప్రభుత్వము ఐదవ కాంటూరు లోపలి చేపల చెరువులను కొట్టివేయించినది. ఆ చెరువుల మీద బ్రతికే కుటుంబాలూ మాకు తెలుసు. లేనట్టు గీస్తే రేపు పిల్లలు అదే నిజమనుకొంటారు. గీయకపోతే ఆ పెద్దావిడ చూచిన కొల్లేరు ఆమెతోనే పోతుంది.

చివరికి రెండు బొమ్మలు వేశాము. ఒకటి ఫోటో చూచి, గట్టుతో తీగలతో సహా. రెండవది ఆమె చెబుతూ ఉంటే మా ఇంటామె వేసినది. మొదటి దాని క్రింద “మేము చూచినది” అనీ, రెండవ దాని క్రింద “అమ్మ చూచినది” అనీ వ్రాశాము. రెండూ ప్రక్కప్రక్కనే మా గోడ మీద ఉన్నవి. వచ్చినవారు ముందు ఒకదానిని, తరువాత రెండవదానిని చూచి, “ఇది ఎక్కడిది?” అని అడుగుతారు. ఆ జవాబు మా అత్తగారే చెబుతారు.

చదువరులారా, మీకు కొల్లేరు దగ్గర లేకపోయినను పెరటిలో గోరింక ఉన్నది, వరిచేలో కొంగ ఉన్నది. వాటితోనే మొదలుపెట్టండి. గూటి దగ్గరకు మాత్రము వెళ్లవద్దు. తల్లిపక్షి బెదరి లేచిపోతే గుడ్లు, పిల్లలు ఎండపాలో కాకులపాలో అవుతాయి. మంచి ఫోటో దొరకకపోతే మరొక రోజు వెళ్లవచ్చును. ప్రతి బొమ్మ వెనుక ఊరు, తేదీ వ్రాయండి. మీ ఇంట్లో పెద్దవారుంటే రంగు ఆరకముందే వారికి చూపించి, ఆ చోటు ఒకప్పుడు ఎట్లుండేదో అడగండి.