గుమ్మడికాయల దొంగ



ఈ నెల గోడపత్రికకు మన తోట మీద ఎవరైనా రాయండి అని తెలుగు మాస్టారు అడిగితే నేను చెయ్యెత్తాను. గుమ్మడి గురించి రాస్తానన్నాను. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎందుకు నవ్వారో మీకందరికీ తెలుసు. ఆ నవ్వుకు కారణం నేనే కనుక రాయాల్సింది కూడా నేనే.

మాది మారేడుమిల్లి పైన కొండల్లో ఊరు. అక్కడ గుమ్మడిని ఎవరూ పెంచరు, దానంతట అదే పెరుగుతుంది. తొలకరి పడగానే మా మామ్మ పోడులో సామలు, చోళ్ళు చల్లుతూ, కాలిన మొద్దుల పక్కన బూడిద ఎక్కువున్న చోట నాలుగేసి గింజలు గుచ్చి వస్తుంది. మళ్ళీ ఆ పాదు ముఖం చూసేది కాయ కొయ్యడానికే. అది చూసి పెరిగాను కాబట్టి గుమ్మడి గురించి నాకు అంతా తెలుసనుకున్నాను. చిక్కంతా అక్కడే వచ్చింది.

2025 సంక్రాంతి సెలవుల నుంచి వచ్చేటప్పుడు మామ్మ ఇచ్చిన గింజలు గుడ్డలో మూట కట్టి తెచ్చాను. తెచ్చి మర్చిపోయాను. శివరాత్రి నాడు పెట్టెలో సబ్బు వెతుకుతుంటే అడుగున చేతికి తగిలాయి. ఆ రోజే స్నానాల నీళ్ళు పారే కాలవ పక్కన రెండు గుంటలు తవ్వి పెట్టేశాను. నా పక్క మంచం వాడిది చింతూరు వైపు, పల్లపు ఊరు. పళ్ళు తోముకుంటూ వచ్చి చూసి, "ఇప్పుడెందుకురా పెడతన్నావు? ఎండలొచ్చేశాయి. పువ్వే గాని కాయ నిలవదు. పుష్యంలో పెట్టాలి, లేకపోతే వానలకి" అన్నాడు.

"మా కొండ విత్తనం సంగతి నీకేం తెలుసురా" అన్నాను.

ఆరో రోజుకు మొలకలు వచ్చాయి. మార్చి నెలంతా తీగ కళ్ళ ముందే పాకింది. ఏప్రిల్ మొదట్లో పూలు. పద్దెనిమిది పూలు లెక్కపెట్టి, పద్దెనిమిది కాయలు అని లెక్క కట్టాను. వంటశాలకు ఎన్ని, వార్డెన్ గారికి ఎన్ని, మామ్మకు ఎన్ని అని పంచేశాను కూడా. కానీ ఎన్ని రోజులైనా పూలే తప్ప కాయ లేదు. తర్వాత కొన్ని పూల కింద నిమ్మకాయంత పిందెలు కనిపించాయి. రెండు రోజులు పోయాక చూస్తే అవీ లేవు. అదే వారంలో నా పక్క మంచం వాడు గుప్పెడు గుమ్మడిపూలు తీసుకెళ్ళి, శనగపిండిలో ముంచి వేయించమని వంటమ్మకు ఇవ్వడం చూశాను. కాయ నిలవదన్నాడు కదా, తన మాట నెగ్గించుకోవడానికి పిందెలు తుంచేస్తున్నాడని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను.

ఆ రాత్రి భోజనాల లైనులో "గుమ్మడికాయల దొంగ!" అని గట్టిగా అరిచాను. వాడికి అప్పుడే భుజం మీద దోమ వాలింది కాబోలు, తడుముకున్నాడు. సామెత తెలియని వాళ్ళు ఎవరు? 150 మంది ఒక్కసారి ఘొల్లుమన్నారు. వాడు పళ్ళెం అక్కడే పెట్టేసి వెళ్ళిపోయాడు. మంచం అవతలి గదికి మార్చుకున్నాడు. ఎండాకాలం సెలవులకు బస్సెక్కేటప్పుడు కూడా నాతో పలకలేదు.

నా బస్సు మరునాడు. కాయని పాదు ఎందుకని కోపంతో తీగ పట్టుకుని లాగాను. ఆకుల కింద పిందెలు! పసుపుగా ముడుచుకుపోయి, చీమలు పట్టి, రాలినవి రాలిన చోటే ఉన్నాయి. పదకొండు. దొంగ ఎవడూ లేడు. నేను వాటిని కాలవలోకి తోసేసి చేతులు కడుక్కున్నాను. ఎవరికీ చెప్పలేదు.

జూన్‌లో సైన్సు మాస్టారిని, ఏదో పాఠంలో సందేహమైనట్టు అడిగాను. గుమ్మడిలో మగపూలు వేరు, ఆడపూలు వేరు అని ఆయన బోర్డు మీద బొమ్మ గీశారు. సన్నటి పొడుగు కాడ మీద ఉండేది మగది. పువ్వు కింద చిన్న పిందె ఉంటే ఆడది. ముందు కొన్నాళ్ళు మగపూలే పూస్తాయి. తేనెటీగ ఆ పుప్పొడిని ఆడపువ్వుకు చేరిస్తేనే పిందె నిలుస్తుంది. ఎండ బాగా ముదిరితే మగపూలే ఎక్కువవుతాయి, పుప్పొడి బలం తగ్గుతుంది, ఆడమొగ్గలు పసుపెక్కి రాలిపోతాయి. మా కొండ మీద చల్లదనం వేరు, ఇక్కడి ఏప్రిల్ వేరు. గుమ్మడి పుట్టిల్లు అమెరికా ఖండం, 1492 తర్వాతే ఓడల మీద మిగతా దేశాలకు వచ్చిందని కూడా ఆయన చెప్పారు. (మామ్మకు చెబితే నమ్మలేదు.) నాకు మాత్రం ఒకటే గుర్తొచ్చింది. వాడు వంటమ్మకు ఇచ్చినవన్నీ సన్నటి పొడుగు కాడ పూలే.

రెండు వానలు పడ్డాక మళ్ళీ పెట్టాను. ఈసారి మూరెడు లోతు గుంట తీసి, చివికిన పశువుల పెంట, వంటశాల బూడిద, పైమట్టి కలిపి, నీరు నిలవకుండా కొంచెం ఎత్తు చేశాను. గుంటకు గుంటకు మూడు గజాలు. నాలుగేసి గింజలు పెట్టి, మొలిచాక బలమైనవి రెండు ఉంచాను. రెండాకుల మీద ఉండగానే ఎర్ర పెంకు పురుగులు వచ్చి జల్లెడ చేసేశాయి. పొద్దున్నే ఆకు తడిగా ఉన్నప్పుడు బూడిద చల్లాలి. వాన పడితే కొట్టుకుపోతుంది, మళ్ళీ చల్లాలి. మిగిలిన పురుగులను ఏరి సబ్బునీళ్ళ డబ్బాలో వేశాను. అది విసుగు పని. వారం రోజులు తిట్టుకుంటూ చేశాను.

ఆగస్టులో ఆడపూలు వచ్చాయి గానీ ముసురుకు తేనెటీగలు లేవు. గుమ్మడిపువ్వు తెల్లవారుతూ విచ్చి, ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది. అందుకే డ్రిల్లు బెల్లు కొట్టకముందే వెళ్ళి, మగపువ్వు కోసి, రేకులు వలిచి, మధ్యనున్న పుప్పొడి కాడను ఆడపువ్వులో రుద్దేవాడిని. మొదటి మూడు పిందెలు రాలిపోయాయి. నాలుగో రోజు వాడు బకెట్టుతో కుళాయికి పోతూ ఆగాడు.

"తడిసిన పుప్పొడి పనికిరాదు. రేపు విచ్చుకునే మొగ్గల మీద రాత్రే ఆకు కప్పు" అన్నాడు.

ఏప్రిల్ తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట అది. నేను అప్పుడే తప్పు ఒప్పుకోవాల్సింది. "ఏ ఆకు?" అని అడిగాను.

"టేకాకు" అని వెళ్ళిపోయాడు.

ఏడు కాయలు నిలిచాయి. ఒకదాన్ని పండు ఈగ పొడిచి కుళ్ళబెట్టింది. మిగతా ఆరింటి కింద ఎండుగడ్డి వేశాను. దసరా సెలవుల్లో వంటమ్మ కాపు కాసింది. తొడిమ ఎండి, గోరు గుచ్చినా తోలులో దిగనప్పుడు, నాలుగు వేళ్ళ తొడిమ ఉంచి కోశాను. అన్నిటికంటే పెద్దది స్టోరు కాటా మీద 7 కిలోలు తూగింది. బెల్లం వేసి పులుసు పెట్టారు, మీరంతా తిన్నారు. ఆ రోజు వడ్డన వంతు వాడిదీ నాదీ. ఆరో తరగతి పిల్లవాడొకడు గిన్నె చాపి, "దొంగన్నా, ఇంకో ముక్క వెయ్యవా" అన్నాడు. పాపం వాడికి ఆ పేరెలా వచ్చిందో కూడా తెలీదు, అదే అసలు పేరనుకున్నాడు. నా పక్కనున్న వాడు ఏమీ అనకుండా రెండు ముక్కలు వేశాడు. నేను అన్నం గరిటె పట్టుకుని పక్కనే ఉన్నాను. ఆ రోజూ నోరు రాలేదు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. వాడు ఒక్క పిందె కూడా తుంచలేదు. రాలిన పదకొండు పిందెలను కాలవలో దాచింది నేను. దయచేసి ఇకనుంచి వాడిని వాడి పేరుతోనే పిలవండి.

పెద్దకాయ గింజలు కడిగి, బూడిద పట్టించి, నీడలో ఆరబెట్టి సీసాలో పోశాను. పుష్యం దగ్గరికొచ్చింది. గుంటలు ఎక్కడ తవ్వాలో ఈసారి వాడినే అడుగుతాను, ఇది చదివాక నాతో మాట్లాడితే.