తాబేలు మీద కాఫీ గ్లాసు

ఆరోగ్యం శీర్షికలో అల్లికల గొడవ ఏమిటని కొందరు పాఠకులు నొసలు చిట్లించవచ్చు. కాస్త ఓపిక పట్టి చదవండి. ఈ మధ్య మా ఆస్పత్రి ఓ.పీ.కి వచ్చే ఆడవాళ్ళలో చాలామంది చేతిసంచుల్లో ఒక దారపుండ, ఒక క్రోషియా సూది కనిపిస్తున్నాయి. రిటైరైన టీచరమ్మలు, కాలేజీ పిల్లలు, పురిటికి పుట్టింటికి వచ్చినవాళ్ళు, అందరూ కాఫీ గ్లాసుల కింద పెట్టుకునే కోస్టర్లు అల్లేస్తున్నారు. అవి ఉత్త గుండ్రటి ముక్కలు కూడా కావు. పిల్లి, కుందేలు, ఏనుగు, తాబేలు! సెల్‌ఫోనులో చూసి నేర్చుకుంటున్నారట. నంబరు పిలిచేదాకా బెంచీ మీద ఊరికే కూర్చుని పక్కవారి జబ్బుల జాబితా వినడం కంటె ఇది మేలే. నేనూ అల్లుతాను కనుక, ఈ సరదాను ఎవరూ మానుకోవాలని నేను చెప్పబోవడం లేదు.

కొత్తగా మొదలుపెట్టేవారికి తాబేలు మంచిది. గ్లాసు కుదురుగా నిలబడటానికి గుండ్రని, చదునైన చోటు కావాలి. ఆ చోటు తాబేటికి భగవంతుడే చిప్ప రూపంలో ఇచ్చాడు. మందపాటి నూలుదారం తీసుకోండి. అక్రిలిక్ ఉన్ని వద్దు. అది నీటిని సరిగా పీల్చదు, బాగా వేడి తగిలితే మెత్తబడుతుంది. 3.5 మిల్లీమీటర్ల సూది చాలు. మొదట ఒక చిన్న ఉచ్చులో ఆరు పొట్టి కుట్లు వేయండి. అక్కడినుంచి వరుసకు ఆరేసి కుట్ల చొప్పున పెంచుకుంటూ పోవాలి. 6, 12, 18, 24 ఇలా పోతే ఎనిమిదో వరుసకు 48 కుట్లు అవుతాయి. అప్పటికి చిప్ప అడ్డంగా సుమారు 4 అంగుళాలు ఉంటుంది. పెంపు తగ్గితే ముక్క గిన్నెలా పైకి లేస్తుంది. ఎక్కువైతే అంచు చీర కుచ్చిళ్ళలా ముడతలు పడుతుంది. రెండింటి మీదా గ్లాసు ఒరుగుతుంది. లేచిన వరుసను మొహమాటపడకుండా విప్పేసి మళ్ళీ వేయండి.

తాబేటికి తల, నాలుగు కాళ్ళు, తోక కలిపి ఆరు అవయవాలు. 48ని ఆరుతో భాగిస్తే ఎనిమిది. అంటే చివరి వరుసలో ఎనిమిదేసి కుట్లకు ఒక అవయవం మొలిపించాలన్నమాట. కాలు కావలసినచోట ఒకే కుట్టులో ఐదు పొడవు కుట్లు వేస్తే చిన్న విసనకర్రలా విచ్చుకుంటుంది. తలకు ఏడు వేయండి. తోకకు నాలుగు గొలుసు కుట్లు వేసి వెనక్కి వస్తే చాలు. లెక్క ఇంత చక్కగా కుదరడం చూసి నాకు మొదటిసారి ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

ఇక వైద్యురాలిగా నా అభ్యంతరాలు. కొందరు చిప్ప ఉబ్బుగా ఉండాలని లోపల దూది కూరుతున్నారు. అలా చేస్తే అది బొమ్మ అవుతుంది గాని, గ్లాసు పెట్టే వస్తువు కాదు. కళ్ళకు పూసలు, గుండీలు కుట్టకండి. మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో ఊడిన పూస నేరుగా నోట్లోకి వెళుతుంది, అక్కడినుంచి గొంతులోకి. నల్లదారంతో రెండు ముడికుట్లు వేస్తే తాబేటికి చూపు బాగానే ఆనుతుంది.

అసలు చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. ఉత్త గుండ్రటి కోస్టరును పసిపిల్ల పట్టించుకోదు. దానికి తొండమో, చెవులో, తోకో పెట్టారంటే అది ఆటవస్తువు. పసిపిల్లకు బొమ్మ కనిపిస్తుంది గాని, దాని మీద పొగలు కక్కే కాఫీ కనిపించదు. కొంతకాలం క్రితం పద్నాలుగు నెలల పాపను మా ఆస్పత్రికి తీసుకువచ్చారు. బల్ల మీద ఏనుగు కోస్టరు, దాని మీద స్టీలు గ్లాసు. తొండం బల్ల అంచు దాటి వేలాడుతోంది. పాప నిలబడి ఆ తొండం పట్టి లాగింది. గడ్డం కింద, ఛాతీ మీద, ఎడమ భుజం మీద చర్మం ఊడి వచ్చింది. ఆ గాయం మీద ఇంట్లోవాళ్ళు పళ్ళపేస్టు మెత్తారు. దానిని కడిగేటప్పుడు ఆ పాప ఏడ్చిన ఏడుపు వార్డంతా విన్నది.

ఆ ఏనుగును అల్లింది పాప నాయనమ్మ. మూడు వారాలు కట్లు కట్టించుకోవడానికి ఆవిడే ఎత్తుకుని వచ్చేది. "ఈ పాపిష్టి చేతులతో ఇక దారం ముట్టుకోను డాక్టరమ్మగారూ" అన్నది ఒకనాడు. "ఎందుకు ముట్టుకోరు మామ్మగారూ? ఈసారి పాపకు టోపీ అల్లండి, చలికాలం వస్తోంది" అన్నాను. ఆవిడ మాట్లాడలేదు. పాప గడ్డం కింద మచ్చ మిగిలింది, భుజం మాత్రం బాగా కదులుతోంది.

కలిపిన కాఫీ పావుగంట తరువాత కూడా పసిపిల్ల పలుచని చర్మాన్ని బొబ్బలెక్కించగలదు. కనుక జంతువు కోస్టరును పెద్దల మంచినీళ్ళకూ, మజ్జిగకూ వాడండి. పాకే పిల్లలూ, నడక నేర్చే పిల్లలూ ఉన్న ఇంట్లో వేడి గ్లాసు కింద అసలు పెట్టవద్దు. ఒకవేళ వేడిది ఒలికిందా, వెంటనే తడిసిన బట్ట తీసేయండి. చర్మానికి అంటుకుపోయిన బట్టను మాత్రం లాగకండి. కాలినచోట కుళాయి నీళ్ళు ధారగా ఇరవై నిమిషాలపాటు పోయండి. గడియారం చూసి మరీ పోయండి, ఎందుకంటే పిల్ల ఏడుస్తుంటే రెండు నిమిషాలే ఇరవైలా ఉంటాయి. మిగతా ఒంటికి చలి తగలకుండా పొడిబట్ట కప్పండి. ఐసు, సిరా, నెయ్యి, పసుపు, పేస్టు ఏదీ పూయకండి. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆస్పత్రికి తీసుకురండి. అంతా జరిగి అరగంటో గంటో అయిందని నీళ్ళు పోయడం మానవద్దు. మూడు గంటలలోపు ఎప్పుడు పోసినా కొంత మేలు జరుగుతుంది.

పిల్లల సంగతి అయింది. ఇక అల్లే చేతి సంగతి. మా అమ్మమ్మగారిది నరసాపురం. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఆ ప్రాంతంలో వేల ఇళ్ళకు జీవనాధారమైంది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఆ పల్లెల్లో ఆడవాళ్ళు గుమ్మాల్లో కూర్చుని అల్లిన సరుకు దేశాలు దాటి పోయేది. అయినా వాళ్ళను పనివారిగా గాక, తీరికవేళ ఏదో అల్లుకునే గృహిణులుగానే లెక్కవేశారని మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో ఒక పుస్తకమే వ్రాసింది.

గోదావరి జిల్లాలో పనిచేస్తున్నప్పుడు లేసు అల్లే ఒకామె నా దగ్గరకు వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. రవిక గుండీ పెట్టుకోవడం చేతకావడంలేదని వచ్చింది. చెయ్యి చూస్తే బొటనవేలి కింద ఉండవలసిన కండ కరిగి గుంట పడి ఉంది. "ఎన్నాళ్ళనుంచమ్మా?" అన్నాను. "ఆయ్, తిమ్మిరి రెండేళ్ళనుంచి ఉందండి. రాత్రుళ్ళు లేచి చెయ్యి విదిలించుకుంటే పోతుంది గదా అని ఊరుకున్నానండి. ముక్కకింత అని ఇస్తారండి, కూకుంటే ఎలా?" అన్నది.

దీనిని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. మణికట్టు దగ్గర ఒక ఇరుకైన సందులోంచి వేళ్ళను ముడిచే తొమ్మిది కండరపు తాళ్ళు, వాటితోపాటు ఒక నరమూ వెళతాయి. మణికట్టు వంచి గంటల తరబడి సూదిని గట్టిగా పట్టుకుంటే తాళ్ళు వాచి నరాన్ని నొక్కుతాయి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెనవేలికి ఏమీ కాదు. ఇది గుర్తుపెట్టుకోదగ్గ ఆనవాలు. మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారికి, గర్భిణీలకు ఇది మరీ సులభంగా వస్తుంది. తిమ్మిరి దశలోనే వస్తే, రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోవడంతోనే చాలామందికి తగ్గుతుంది. ఆమె విషయంలో ఆపరేషన్ తప్పలేదు. తిమ్మిరి పోయింది గాని, కరిగిన కండ పూర్తిగా తిరిగి రాలేదు.

సరదాకు అల్లేవారికి ఒక సౌఖ్యం ఉంది. మీరు ఎప్పుడైనా ఆపవచ్చు. అరగంటకొకసారి ఆపి, వేళ్ళు బాగా చాచి, మెడ తిప్పుకోండి. సన్నని ఉక్కు సూదిని గట్టిగా పట్టుకోవాలి కనుక దాని పిడికి నాలుగు చుట్లు మెత్తని గుడ్డ చుట్టి లావు చేసుకోండి. మోచేతుల కింద దిండు పెట్టుకోండి. సన్నదారం మోజు వద్దు. మందపాటి దారం కంటికీ చేతికీ హాయి. బాలింతలకు ఒక మాట. బిడ్డను ఎత్తుకుని ఎత్తుకుని బొటనవేలి వైపు మణికట్టు నొప్పి పెడుతుంటే, అది తగ్గేదాకా సూది జోలికి పోకండి.

నలభై దాటినవారు కుట్లు కనబడటం లేదని లైటును తిడుతుంటారు. లైటు తప్పు కొంత, వయసు తప్పు ఎక్కువ. దగ్గరచూపు అద్దాలు పెట్టుకోవడం నామోషీ కాదు. బజారులో తగిలించి అమ్మే జత కొనే ముందు ఒక్కసారి కంటి డాక్టరుకు చూపించుకోండి. షుగరు ఉన్నవారు ఏటేటా కన్ను లోపలి పొర చూపించుకోవాలి గనుక ఆ పనీ అప్పుడే తీరుతుంది. మీరు కుడిచేతివాటం అయితే వెలుతురు ఎడమ భుజం మీదుగా పడేలా కూర్చోండి.

తాబేలును వారానికొకసారి వేడినీళ్ళలో సబ్బుతో ఉతికి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. తడిసిన నూలు బల్లకు అంటుకుని రోజుల తరబడి ఉంటే బూజు పడుతుంది. ఒకటి ఎండుతుంటే వాడుకోవడానికి రెండోది ఉండాలి కనుక ఎప్పుడూ జతగానే అల్లుకోండి.