పైఅంతస్తు షవర్‌ కష్టాలు

కింద ఇంట్లో షవర్‌ తిప్పితే వాన. పై ఇంట్లో తిప్పితే మంచు బిందువులు! డాబా ఇళ్లలో ఇది మామూలే. ట్యాంకు ఎత్తును బట్టే నీళ్ల ఫోర్సు. పది మీటర్ల ఎత్తుంటే దాదాపు ఒక బార్‌ ప్రెషర్‌. పైఅంతస్తు షవర్‌కీ డాబా మీది ట్యాంకుకీ మధ్య ఉండేది ఏ రెండు మీటర్లో. అందుకే చిన్న ప్రెషర్‌ పంపు పెట్టుకుంటారు.

బీరంగూడలో ఓ ఇంట్లో ఆ పంపు పోయింది. ‘షవర్‌ లేకపోతే బకెట్‌ లేదా?’ అనొచ్చు. కానీ ఆ ఇంటి పెద్దావిడకి మోకాళ్లు వంగవు. స్టూలు మీద కూర్చుని, చేతి షవర్‌తో తన స్నానం తనే చేసుకునేది. పంపు ఆగాక కోడలు నీళ్లు పోస్తోంది. ఆవిడకి మొహమాటం. రోజు విడిచి రోజు చాలనేసింది.

ప్లంబర్‌ వచ్చి, స్విచ్‌ వేసి, చెవి పెట్టి విన్నాడు. ‘‘మోటర్‌ పోయింది సార్‌. కొత్తది ఏసుకోవాలె.’’

ఇంటాయన పటాన్‌చెరు ఫ్యాక్టరీలో మెషిన్లు బాగుచేసి రిటైరైన మనిషి. ఊరుకుంటాడా? ‘‘ముందుగాల విప్పు బిడ్డా!’’ అన్నాడు. గుంయ్‌మంటూ తిరగకపోతే ఒక్కోసారి కెపాసిటరే పోయి ఉంటుంది. దానికి పంపంతా మార్చక్కర్లేదు. షవర్‌ తల తీసి చూసినా సగం సంగతి తెలుస్తుంది. అప్పుడు ధార బాగా వస్తే, పూడుకున్నవి తలలోని రంధ్రాలే.

విప్పారు. ఈసారి ప్లంబర్‌ మాటే నిజం. సీలు అరిగి, నీళ్లు బేరింగుల్లోకి దిగి తుప్పు పట్టాయి. లోపలి చక్రం మీద సున్నం కొట్టినట్టు తెల్లటి పొర. బోరునీళ్ల పని అది! రాతిలోంచి వచ్చే ఉప్పులకి ఫ్యాక్టరీలనే తిట్టలేం. కానీ ఇక్కడి నీళ్ల కథ అంతటితో ఆగదు. 1970ల్లో పారిశ్రామికవాడ వచ్చాక, వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీర వైపు పారాయి. వ్యవహారం 1990లో సుప్రీంకోర్టుకెక్కింది. సంగారెడ్డి దగ్గరి మంజీర నీళ్లు 1960ల నుంచీ హైదరాబాద్‌ వెళ్తున్నాయి. ఇక్కడి ఇళ్లలో మాత్రం బోర్లు! ఆ ఇల్లూ ఫ్యాక్టరీ జీతంతో కట్టిందే మరి.

‘‘నల్లా పైపుకే పెడితే ఖర్చు తక్కువైతది’’ అన్నాడు ప్లంబర్‌. పెద్దాయన ఒప్పుకోలేదు. అది నిషేధం. పక్కింటి నీళ్లు లాగేసుకోవడమే కాదు, పైపు ఎక్కడన్నా పగిలి ఉంటే మురుగునీ లాగుతుంది. నల్లా నీళ్లకి డాబా మీద వేరే ట్యాంకు పెట్టి, దాని తర్వాతే అర హార్స్‌పవర్‌ పంపు బిగించారు. ముందు జాలీ ఫిల్టర్‌, రెండు వైపులా యూనియన్లు... మళ్లీ విప్పాల్సి వస్తే పైపు కోయక్కర్లేదు. తడి చోటు కదా, ఎర్తింగ్‌ చూసి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించారు. బట్టలకీ, మొక్కలకీ బోరునీళ్లే.

పాత పంపుని ఇనుప సామాన్లవాడు ఇనుము రేటుకి అడిగాడు. ‘‘లోపల రాగి తీగ ఉంది, దాని లెక్క చెప్పు’’ అన్నాడు పెద్దాయన. బేరం ఇంకా తెగలేదు.