డిటెక్టివ్‌కి వయసొచ్చిన ఊరు

‘‘నాన్నా, హీరో దగ్గర సెల్‌ఫోన్‌ ఉంటే ఈ కథ రెండో పేజీలోనే అయిపోతుంది కదా!’’

ముచ్చటపడి రాసుకున్న డిటెక్టివ్‌ కథ చదివి మా అమ్మాయి అన్న మాట అది. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌ని చదువుతూ పెరిగినవాణ్ని... రోషం రాదూ! కానీ తను అన్నది నిజమే. కాగితాలు అటకెక్కించేశా.

ఆమధ్య తను చదువుకుంటున్న ఎడిన్‌బరో వెళ్లాను. స్కాట్లాండ్‌ రాజధాని. కొండ మీద కోట, నల్లబడిన రాతి మేడలు, చలిగాలి. ‘‘పద, నీకో డిటెక్టివ్‌ని చూపిస్తా’’ అంటూ బయల్దేరదీసింది.

మొదట పికార్డీ ప్లేస్‌. 1859లో కానన్‌ డాయిల్‌ పుట్టిందక్కడే. షెర్లాక్‌ హోమ్స్‌ విగ్రహమూ ఉంది. ఇక్కడి యూనివర్సిటీలో డాయిల్‌కి వైద్యం నేర్పిన జోసెఫ్‌ బెల్‌, రోగిని చూడగానే వృత్తేమిటో చెప్పేసేవాడట. హోమ్స్‌కి స్ఫూర్తి ఆయనే.

‘‘నేను చెప్పింది ఈయన గురించి కాదు’’ అంటూ ఫ్లెష్‌మార్కెట్‌ క్లోజ్‌కి తీసుకెళ్లింది. క్లోజ్‌ అంటే ఇరుకు సందు. ఒకప్పుడు మాంసం బజారుకి దారి. ఆ మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది! ఈ సందు పేరుతోనే 2004లో ఇయాన్‌ రాంకిన్‌ నవల రాశాడు. అందులో హతుడు ఆశ్రయం కోరి వచ్చిన ఓ కుర్దు. హంతకుడెవరన్న ప్రశ్నతోపాటు, పరాయివాణ్ని ఈ ఊరు ఎలా చూస్తోందన్న ప్రశ్నా నడుస్తుంది. 2006 నాటి నవలకి నేపథ్యం, అంతకుముందు ఏడాది గ్లెనీగిల్స్‌లో జరిగిన జి-8 సదస్సు.

చివరగా యంగ్‌ స్ట్రీట్‌లోని ఆక్స్‌ఫర్డ్‌ బార్‌. రాంకిన్‌ సృష్టించిన ఇన్‌స్పెక్టర్‌ రీబస్‌ అడ్డా. ఆర్భాటం లేని చిన్న బార్‌. 1987లో మొదలైన రీబస్‌, పాఠకులతోపాటే పెద్దవాడవుతూ వచ్చాడు. 2007 నవలలో ఉద్యోగ విరమణకీ వచ్చేశాడు. పాఠకుల కోసం 2012లో మళ్లీ వచ్చాడనుకోండి!

అక్కడ కూర్చున్నాక నా పొరపాటు తెలిసింది. నా కథలో లేనిది సెల్‌ఫోన్‌ కాదు... ఊరు! పొగమంచు, పాడుబడ్డ బంగ్లా తప్ప మా వీధి ఎక్కడా లేదు. మా వీధిలో ఓ రిటైర్డు మాస్టారున్నారు. ఎవరో బ్యాంకు నుంచంటూ ఫోన్‌ చేస్తే ఓటీపీ చెప్పి, దాచుకున్న డబ్బంతా పోగొట్టుకున్నారు. సిగ్గుతో పిల్లలకీ చెప్పుకోలేదు.

తిరిగొచ్చాక ఆయన్ని అడిగా. ‘‘పేరు మార్చి రాయి బాబూ, మరొకరైనా జాగ్రత్తపడతారు’’ అన్నారు.

రెండు పేజీలు రాసి అమ్మాయికి పంపా. వెంటనే ఫోన్‌... ‘‘తర్వాతేమైంది నాన్నా?’’