రన్‌వే పక్కన చిక్కుడు పాదు

తీగ నలగకుండా వదులుగా రెండు చుట్లు, కర్రకు బిగించి మూడోది, చివర ముడి పళ్లతో లాగడం. ఆ ముసలావిడ చిక్కుడు తీగ కట్టే తీరు చూస్తే మా గురుబరపల్లి పెరళ్లే కళ్లముందు మెదిలాయి. మనోళ్లు చీరపేలిక వాడతారు, ఆమె చేతిలో చిరిగిన బనీను గుడ్డ ఉంది. గోళ్ల సందుల్లో మట్టి మాత్రం అదే. పాదు నేలలో లేదు. పాత చెక్కలు కొట్టి చేసిన పెట్టెలో ఉంది. అక్కడికి దగ్గర్లోనే ఒకప్పుడు విమానాలు దిగిన రన్‌వే.

ఇది బెర్లిన్‌లోని టెంపెల్‌హాఫ్ మైదానం. అక్కడ ఉద్యోగం చేసే మా మేనల్లుడు పట్టుబట్టి తీసుకుపోయాడు. కిలోమీటరుకు పైగా వంపు తిరిగి సాగిన భవనం గురించి వాడు ఫోన్‌లో చదివి వినిపిస్తున్నాడు. 1930లలో నాజీలు మొదలుపెట్టించింది, యుద్ధకాలంలో వెట్టి కూలీలతో ఇక్కడ యుద్ధవిమానాలు బిగించారు. 1948లో సోవియట్లు పడమటి బెర్లిన్‌కు దారులు మూసేస్తే బొగ్గూ పిండీ మోసుకొచ్చిన విమానాలు దిగిందీ ఇక్కడే. వింటూనే ఉన్నాను గానీ నా చూపు పెట్టెల మీదే. నేలలో ఎందుకు నాటలేదని వాడితో అడిగించాను. తవ్వకూడదట! 2011లో తోటలకు చోటిచ్చినప్పుడే ఆ షరతు పెట్టారట. ఎంత ముచ్చటైన షరతు! వాడుకో, కానీ నీదనుకోకు.

2008 అక్టోబరులో విమానాలు ఆగాయి, 2010 మేలో జనానికి గేట్లు తెరిచారు. మన లెక్కన 700 ఎకరాలకు పైమాటే, అదీ రాజధాని నడిబొడ్డున. అంచుల్లో ఇళ్లు కడతామని నగర ప్రభుత్వం ముందుకొస్తే జనం సంతకాలు సేకరించి ఓటింగ్ పెట్టించారు. 2014 మే 25న 64 శాతం మంది కట్టొద్దన్నారు. ఇప్పుడక్కడ రన్‌వే మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతారు, గాలిపటాలు ఎగరేస్తారు. గడ్డిలో భరతపిట్టలు గుడ్లు పెట్టే కాలంలో ఆ మేరకు కంచె కట్టి మనుషుల్ని దూరం పెడతారు.

నాకు కడుపు మండింది, దాచుకోను. మన దగ్గర ఖాళీ నేల కనబడితే పోరంబోకు అంటాం, ఎవరిదో ఒకరి పేరు ఎక్కేదాకా నిద్రపోం. గురుబరపల్లి పక్కన సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చింది, షెడ్లు లేచాయి, ఉద్యోగాలూ వచ్చాయి, కాదనను. 2024 జూన్ 27న తమిళనాడు ముఖ్యమంత్రిగా స్టాలిన్ శాసనసభలో హోసూరుకు 2,000 ఎకరాల్లో, ఏడాదికి 3 కోట్ల మంది ప్రయాణించేలా విమానాశ్రయం ప్రకటించారు. బెళగొండపల్లిలో ప్రైవేటు రన్‌వే ఒకటి ముందునుంచే ఉంది. ఆ ప్రకటన తర్వాత టీ అంగట్లో రెండే మాటలు: ఎక్కడొస్తుంది, ఎకరా ఎంత పలుకుతుంది. రాగిచేనూ మామిడితోపూ ఎక్కడికి పోవాలన్న మాట మూడోది కావాలి, కాలేదు. విమానాశ్రయం వద్దనడం లేదు నేను. బెంగళూరు అవతల దేవనహళ్లి దాకా పోయి విమానం ఎక్కే అవస్థ మాకూ తెలుసు. అడగడం అనేది ఒకటుంటుందని అంటున్నాను, అంతే.

ఇదంతా గట్టిగానే అన్నానేమో, మేనల్లుడు అడ్డుపడ్డాడు.

"అంత పొగడొద్దు మామా. ఈ ఊళ్లో బాడుగిల్లు దొరక్క నేను పడిన పాట్లు నీకేం తెలుసు? అంచుల్లో నాలుగిళ్లు కట్టనిస్తే ఏం మునిగిపోయేది?"

వాడన్నదీ నిజమే. ఇళ్ల కరువు అక్కడ మామూలుది కాదు, ఈ మైదానం మీద తగవు ఇంకా తెగలేదు.

"ఆ మాట ఓటేసి చెప్పరా మరి. ఇక్కడ అడుగుతారు కదా?"

"నాకిక్కడ ఓటెక్కడిది మామా, ఇంకా మన పాస్‌పోర్టే కదా. తీగ కడుతోందే, ఆ అవ్వకైనా ఉందో లేదో."